అత్తెసరు

తాంపెరెలో జనవరి. మధ్యాహ్నం మూడున్నరకే
కిటికీ చీకటి తెచ్చి బల్లమీద పెట్టేసింది.
పాత నూలు మిల్లు, మూడో అంతస్తు.
ఒకప్పుడు కండెలు తిరిగిన చోట
ఇప్పుడు మా కంప్యూటర్ల ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

కెర్తు పదకొండు వారాలు
గడ్డకట్టిన ఒక్క సరస్సునే గీసింది.
మంచు కింద ఇరుక్కున్న గాలిబుడగలు,
పగులు పక్కన పగులు, పగుల్లో నీలం,
స్కేటు బ్లేడు లేపిన పొడి కూడా
గింజ గింజగా.

ఎనభై మూడు లక్షల చుక్కల తెర.
ఒక్కటీ పస్తుండదు, అన్నిటికీ నేనే వడ్డించాలి,
అదీ పదహారు మిల్లీసెకన్లలో,
ఇంకో అర కలుపుకో, అంతే.
సోల గిన్నెలో మానెడు బియ్యం.
ఎసరు ఒక్క చుక్క తప్పినా
కొత్త బొమ్మ అందదు,
తెర పాత విస్తరినే మళ్ళీ వేస్తుంది.

"సెకనుకి ముప్పై బొమ్మలు చాలు," అంది కెర్తు.
"సినిమాకి ఇరవై నాలుగు చాలలేదా?"
సినిమాలో ఎవరూ మీట నొక్కరు, అన్నాను.
ఆ తర్వాత రెండు రోజులు
దుప్పటి ఆమె తలకు లాగింది, నేను కాళ్ళకు లాగాను.

కింద ఐస్ రింకులో యంత్రం నడిపే ఓస్మో
సాయంత్రాలు వచ్చి మా ఆట ఆడి చూస్తాడు.
కూలి: కాఫీ, ఒక యాలకుల బన్ను.
ఎప్పుడో రెండో డివిజన్లో గోల్ కాసినవాడు.
ఎడమ మోకాలికి రెండు ఆపరేషన్లు.

చుక్కలన్నీ ఉన్నది మొదట ఇచ్చాం, ముప్పైతో.
పది నిమిషాలు ఆడి కంట్రోలరు పక్కన పెట్టాడు.
"సరస్సు బాగుంది. కాళ్ళు నావి కావు."
సగం చుక్కలది ఇచ్చాం, అరవైతో.
మలుపులో కుర్చీతో సహా ఒరిగాడు.
"ఇవి నా కాళ్ళే. కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయాను కాబోలు."
కెర్తు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

బన్ను తుంచుతూ తనే అన్నాడు:
"పక్ మీదికి వస్తున్నప్పుడు
కొట్టినవాడి చొక్కా నంబరు కూడా కనపడదు నాకు.
విజిల్ ఊదాక
వాడి గడ్డంలో మంచు లెక్కపెడతా."

నిమిషమంటే మొదట్లో రెప్పపాటేనట.
అనిమిషులు దేవతలు. రెప్ప వెయ్యరు.
వాళ్ళు గనక ఆడితే
నిండు చుక్కలూ నిండు వేగమూ రెండూ పెట్టాల్సిందే,
అప్పు చేసైనా.
ఓస్మో రెప్ప వేస్తాడు.
మెడ తిప్పితే అతని చూపు చెదురుతుంది.
ఆ చెదిరిన సందులో చెయ్యి పెట్టి
నేను దొంగిలించుకోవచ్చు.

రాత్రంతా రాశాను.
పదిహేను దాటితే పిడికెడు చుక్కలు తీసెయ్,
పన్నెండుకి దిగితే పిడికెడు తిరిగి ఇయ్యి.
తడబడే అరవై కన్నా
ఒకే అడుగున నడిచే నలభై నయమని
తెల్లారేలోగా రెండుసార్లు నేర్చుకున్నాను.

పొద్దున కెర్తు ఆడింది.
నేను తెర చూడలేదు, ఆమె భుజాలు చూశాను.
సరస్సు మధ్యకి దూసుకెళ్ళింది, పదింట ఆరు చుక్కలే.
భుజాలు కదల్లేదు.
పగులు దగ్గర ఆగి మోకరించింది.
ఒక రెప్ప. ఇంకో రెప్ప.
గాలిబుడగలు ఒక్కొక్కటే
ఎక్కడివక్కడికి వచ్చి నిలబడ్డాయి.
"ఉన్నాయి," అంది మెల్లగా.

తర్వాత, "పరిగెడుతుంటే తీసేస్తున్నావు కదూ?"
ఎలా తెలిసింది?
"తెలియలేదు. నీ మొహం చూశా."

మళ్ళీ బయలుదేరింది. ఈసారి కావాలనే వెతుకుతూ.
పిల్లవాడి మఫ్లరు కుచ్చు వెనకాల
ఎర్రటి దెయ్యమొకటి, సన్నగా, అరక్షణం ఆలస్యంగా.
అదిగో, అని తెరమీద వేలు గుచ్చింది.

మూడు వారాలైంది. కుచ్చు ఇంకా అలికేసినట్టే ఉంది.
ఆ వేలిముద్ర మాత్రం
గీత గీతా కనపడుతోంది.